గొలుసుతో పాటు తోడూ పోయింది: పొలంలో ఒంటరి మహిళా సర్వేయర్

గొలుసుతో కొలిచే రోజుల్లో సర్వేయర్ పొలానికి ఒంటరిగా వెళ్తే పని జరిగేదే కాదు. గుంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, లింకులు 100. ముందు కొస ఒకరు, వెనక కొస ఒకరు పట్టుకోవాలి. గీత తప్పకుండా దూరంగా జెండా పట్టుకుని ఇంకొకరు నిలబడాలి. పాత రాళ్లు ఎక్కడున్నాయో చూపించడానికి ఊరి తలారి వెంట నడిచేవాడు. ఈటీఎస్ (దూరాన్ని, కోణాన్ని కొలిచే ఎలక్ట్రానిక్ టోటల్ స్టేషన్) వచ్చాక జట్టు ఇద్దరికి తగ్గింది: యంత్రం దగ్గర ఒకరు, ప్రిజం పట్టుకుని ఒకరు. ఉపగ్రహ సిగ్నళ్లతో స్థానాన్ని కొలిచే రోవర్ వచ్చాక ఒక్కరే చాలు. రెండు మీటర్ల కర్ర, దాని తల మీద యాంటెన్నా, చేతిలో కంట్రోలర్. గట్టు మూల మీద కర్ర నిలబెట్టి, బుడగ మధ్యకు వచ్చిందో లేదో చూసుకుని, ఫిక్స్ (స్థానం కచ్చితంగా కుదిరిందన్న సూచన) రాగానే బటన్ నొక్కితే పాయింటు నమోదైపోతుంది. పని తేలికైంది, తప్పులు తగ్గాయి. కానీ కొలతకు సాయంగా వచ్చే ఆ మనుషులే సర్వేయర్‌కు తోడుగానూ, ఏదైనా జరిగితే సాక్షులుగానూ ఉండేవాళ్లు. గొలుసు పక్కన పెట్టినప్పుడు ఆ తోడు, ఆ సాక్ష్యం కూడా పోయాయి. వాటి బదులు ఏం పెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరూ చేయలేదు.

ఇదే సమయంలో ఈ ఉద్యోగంలోకి మహిళలు పెద్ద సంఖ్యలో వచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ సచివాలయాల కోసం 11,158 గ్రేడ్-3 సర్వేయర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రాష్ట్ర ఉద్యోగాల్లో మూడో వంతు మహిళలకు రిజర్వేషన్ ఉంది కాబట్టి సివిల్ డిప్లొమా, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ చదివిన యువతులు ఊరూరా సర్వేయర్లయ్యారు. మరుసటి ఏడాది డిసెంబరులో రీ-సర్వే మొదలైంది. వందేళ్ల నాటి రికార్డుల మీద నడుస్తున్న భూముల్ని డ్రోన్లతో, రోవర్లతో కొత్తగా కొలవడం ఈ కొత్త ఉద్యోగుల భుజాన పడింది. తెలంగాణలో దారి వేరు. అక్కడ 2025లో భూమి రికార్డులకు సంబంధించిన భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక, కొలతకు ఫీజు తీసుకుని పని చేసే లైసెన్స్‌డ్ సర్వేయర్లకు పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చారు. రెండు చోట్లా ఇరవైల్లో ఉన్న అమ్మాయి స్కూటీ మీద రోవర్ సంచి పెట్టుకుని, తనకు తెలియని చేలగట్ల మీదికి వెళ్లడం ఇప్పుడు మామూలు దృశ్యం.

మహిళా సర్వేయర్ భద్రత అనగానే మాట పెప్పర్ స్ప్రే మీదికో, యాప్ మీదికో, "చీకటి పడేలోపు వచ్చెయ్యమ్మా" అన్న జాగ్రత్త మీదికో పోతుంది. వాటి ఉపయోగం వాటికి ఉంది. అయితే అవన్నీ నిర్జన ప్రదేశంలో ముక్కూ మొహం తెలియనివాడు ఎదురైతే ఏం చేయాలన్న ఆలోచనలోంచి పుట్టినవి. సర్వేయర్‌కు ముప్పు ఎక్కువగా తెలిసినవాళ్ల నుంచే వస్తుంది. వాళ్ల పేర్లు ఆమె చేతిలోని ఫైల్లోనే ఉంటాయి: దరఖాస్తుదారు, పక్క పొలం రైతు, ఆయన బావమరిది, కౌలుదారు. గొడవ పట్టపగలే, పదిమంది చూస్తుండగానే జరుగుతుంది. భూమి తగాదా అంటే తరాల నాటి పగ. అన్నదమ్ముల పంపకాలు, సగం మింగిన డొంకదారి, ఏటా నాగలి చాలు చాలుకి జరిగిపోయిన గట్టు, వీటన్నిటి కోపం ఆ రోజు కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి మీదికి తిరుగుతుంది. ఓడిపోయానని అనుకున్నవాడి కళ్లకు యంత్రం కనిపించదు, దాన్ని పట్టుకున్న మనిషి కనిపిస్తుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2015 జులైలో ఇసుక తవ్వకాలను అడ్డుకోవడానికి వెళ్లిన ముసునూరు తహసీల్దారు వనజాక్షి మీద దాడి జరిగింది. 2019 జూన్ 30న కుమురం భీం జిల్లా సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన అటవీ రేంజ్ అధికారి అనిత ట్రాక్టర్ మీద నిలబడి ఉండగా చుట్టుముట్టి కర్రలతో కొట్టారు. అదే ఏడాది నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవర్ కూడా ప్రాణాలు కోల్పోయారు. ఈ ముగ్గురూ సర్వేయర్లు కారు, ముగ్గురూ హోదాలో సర్వేయర్ కంటే పైవాళ్లు. అనిత వెంట పోలీసులు, సిబ్బంది ఉన్నారు. విజయారెడ్డి ఉన్నది తన సొంత గదిలో. సిబ్బంది, హోదా, నాలుగు గోడలు ఉన్నవాళ్ల పరిస్థితే ఇదైతే, చేలో ఒంటరిగా నిలబడ్డ గ్రేడ్-3 ఉద్యోగి సంగతి వేరే చెప్పాలా? పక్కన మనిషిని పంపడం అవసరమే, కానీ అంతటితో సరిపోదని కూడా ఈ మూడు ఘటనలు చెబుతున్నాయి. ఏ ఫైలు ఎంత వేడి మీద ఉందో బయల్దేరే ముందే తెలుసుకోవాలి.

సర్వే పనిలో చాలా ఉద్యోగాల్లో లేని ఒక ఇబ్బంది ఉంది. హద్దులు కొలవాలంటే ఇరుపక్షాలకూ ముందుగా నోటీసు ఇవ్వాలి. ఫలానా తేదీ, ఫలానా గంట, ఫలానా సర్వే నంబరు. ఇది న్యాయం కోసం పెట్టిన నిబంధన, తీసేయకూడనిది. కానీ దాని వల్ల సర్వేయర్ ఎప్పుడు ఎక్కడ ఉంటుందో, ఆమె వస్తే తనకు నష్టమని భావించే మనిషికి వారం ముందే తెలుస్తుంది. ఆమె కార్యాలయానికి మాత్రం ఆమె అక్కడికి చేరిందా, తిరిగి వచ్చిందా అన్నది తెలియదు. ఎఫ్-లైన్ దరఖాస్తు (హద్దులు కొలవమని పెట్టుకునేది) నంబరు, తేదీ ఆన్‌లైన్‌లో ఉంటాయి. సాయంత్రం ఏడింటికి ఆమె ఇంటికి చేరకపోతే మొదట కంగారు పడేది తల్లో, భర్తో. వాళ్లకు సర్వే నంబరు తెలియదు, పొలానికి దారి తెలియదు.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో లండన్‌లో నలభై ఏళ్ల కిందటే తెలిసింది. 1986 జులై 28న సూజీ లాంప్లూ అనే ఇరవై అయిదేళ్ల యువతి ఒక ఇల్లు చూపించడానికి ఆఫీసు నుంచి బయల్దేరి వెళ్లింది. ఇళ్లు అమ్మిపెట్టే సంస్థలో ఆమె ఉద్యోగి. డైరీలో సమయం, చిరునామా, కలవాల్సిన మనిషి పేరు రాసి పెట్టింది. తర్వాత ఆమె జాడ ఎవరికీ దొరకలేదు, ఈ రోజుకీ దొరకలేదు. ఆమె తల్లిదండ్రులు అదే ఏడాది పెట్టిన ట్రస్టు, పని కోసం ఒంటరిగా తిరిగే ఉద్యోగుల భద్రత గురించి బ్రిటన్‌లో గట్టిగా మాట్లాడిన తొలి సంస్థల్లో ఒకటి. ఆ కుటుంబం కష్టం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వివరాలు రాసి పెట్టినా, ఇన్ని గంటలకు ఆ మనిషి తిరిగి రాకపోతే వెతకడం ఎవరి పని అన్నది తేల్చకపోతే ఆ రాత వల్ల రక్షణ రాదు.

మన సచివాలయాల్లో ఇది ఖర్చులేకుండా చేసుకోగలిగిన ఏర్పాటు. సర్వేయర్ బయల్దేరేటప్పుడు సర్వే నంబరు, లొకేషన్, ఇరుపక్షాల పేర్లు, తిరిగి వచ్చే సమయం ఒక నిర్దిష్ట వ్యక్తికి పంపాలి. గ్రూపులో పెడితే ఎవరో ఒకరు చూస్తారులే అని అందరూ అనుకుంటారు, చివరికి ఎవరూ చూడరు. అందుకే ఒక్క మనిషి పేరు ఉండాలి: మండల సర్వేయర్ కావచ్చు, గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) కావచ్చు. అదే సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శి పోస్టు కూడా ఉంది. గ్రామంలో మహిళల భద్రత చూడటమే ఆ ఉద్యోగం ఉద్దేశం, పక్క కుర్చీలో కూర్చునే సర్వేయర్ కూడా మహిళే. చెప్పిన సమయానికి అరగంట దాటితే ఫోన్, ఫోన్ ఎత్తకపోతే ఆ ఊరి గ్రామ రెవెన్యూ సహాయకుడికి (వీఆర్ఏ) ఫోన్, అప్పటికీ తెలియకపోతే అత్యవసర నంబరు 112. ఈ వరస ముందే అనుకుని గోడ మీద అంటించి ఉంచాలి. ఆ టెన్షన్‌లో ఎవరికి చెప్పాలో వెతుక్కోవాల్సిన పరిస్థితి రాకూడదు.

అయితే ఫోనే పని చేయని చోట ఏంటి? దీనికి జవాబు రోవర్ దగ్గరే ఉంది. రోవర్‌కు కొన్ని సెంటీమీటర్ల కచ్చితత్వం రావాలంటే కోర్స్ అనే, ఎప్పుడూ పని చేస్తూ ఉండే స్థిర బేస్ స్టేషన్ల నుంచి సవరణలు అందాలి, అవి వచ్చేది మొబైల్ ఇంటర్నెట్ మీదే. నెట్ లేని చోట ఫిక్స్ రాదు. కాబట్టి ఏ ఊళ్లో, ఏ మూల సిగ్నల్ ఉండదో సర్వేయర్ల అనుభవంలో ఇప్పటికే ఉంది. మన్యం మండలాల్లో, నల్లమల అంచున, కొండల మధ్య ఊళ్లలో పని చేసేవాళ్లు ఈ చోట్లను వేళ్ల మీద చెప్పగలరు. ఆ సమాచారాన్ని సర్వే ఇబ్బందిగా మాత్రమే రాసుకుంటున్నారు. భద్రతా సమాచారంగా కూడా రాసుకుంటే, ఫలానా సర్వే నంబర్లకు ఒంటరిగా పంపకూడదన్న జాబితా దానంతట అదే తయారవుతుంది. మహిళల భద్రత కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న శక్తి యాప్ అయినా, తెలంగాణలోని టీ-సేఫ్ అయినా, వాట్సాప్ లైవ్ లొకేషన్ అయినా ఈ జాబితాలోని చోట్ల వాటి మీద ఆధారపడలేం.

మామిడి తోటలు, పామాయిల్ తోటల గురించి కూడా ఒక మాట చెప్పాలి. చెట్ల నీడన ఉపగ్రహ సిగ్నల్ సరిగా అందదు. బయటి పొలంలో సెకన్లలో వచ్చే ఫిక్స్ కోసం అక్కడ నిమిషాల తరబడి ఒకే చోట, తల వంచి కంట్రోలర్ తెర చూస్తూ నిలబడాలి. ఎవరు వెనక నుంచి వస్తున్నారో కనిపించదు, వినిపించినా కర్ర కదపకూడదన్న ధ్యాసలో ఉంటుంది. తోటలో కొలతకు రెండో మనిషి తప్పనిసరి అనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

రెండో మనిషి అనగానే అసలు చిక్కు మొదలవుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ రెండో మనిషిని పంపేది దరఖాస్తుదారే. బస్టాండు నుంచి పొలం దాకా బండి ఆయనదే, రాళ్లు మోసే కూలీ ఆయన మనిషే, ఎండలో మజ్జిగ, మధ్యాహ్నం అన్నం ఆయన ఇంటి నుంచే. ఇందులో లంచం ఏమీ ఉండనక్కర్లేదు, ఆడపిల్ల ఎండలో పడి వచ్చిందన్న జాలే కావచ్చు. కానీ గట్టుకు అవతల నిలబడ్డ రైతు ఏం చూస్తాడు? తన శత్రువు బండి మీద సర్వేయర్ దిగింది. కొలత మొదలు కాకముందే తీర్పు అయిపోయిందని అతను తేల్చుకుంటాడు. ఆ తర్వాత ఆమె ఎంత నిజాయితీగా కొలిచినా నమ్మడు. మరోవైపు ఆమె తిరుగు ప్రయాణం దరఖాస్తుదారు చేతిలో ఉంది కాబట్టి, కొలత ఆయనకు వ్యతిరేకంగా వస్తే ఆమె ఎక్కే బండి కూడా ఉండదు. భద్రత, నిష్పక్షపాతం వేర్వేరు సంగతులని అనుకుంటాం. పొలంలో అవి రెండూ ఒకటే. సొంత బండికి పెట్రోలు డబ్బులు, వీఆర్ఏనో మరో సర్వేయర్‌నో తోడు పంపడం, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, ఇవన్నీ సర్వే నాణ్యతకు పెట్టే ఖర్చులే. రెండు పక్కపక్క సచివాలయాల సర్వేయర్లు సోమవారం ఒకరి ఊళ్లో, మంగళవారం ఇంకొకరి ఊళ్లో కలిసి పని చేసుకుంటే కొత్త పోస్టు కూడా అక్కర్లేదు. గొడవ ఉన్న నంబర్లన్నీ ఆ రోజులకు జరుపుకోవచ్చు.

గొడవ పెరిగే క్షణం ఏదో పొలం ఎరిగినవాళ్లందరికీ తెలుసు. కొలిచేంతసేపూ జనం చూస్తూ ఉంటారు, నవ్వుతూ కూడా ఉంటారు. "రాయి ఇక్కడ కాదు, అక్కడ రావాలి" అన్న మాట రాగానే ముఖాలు మారతాయి. అందువల్ల తగాదా ఉన్న కేసుల్లో కొలిచే రోజు, రాయి పాతే రోజు వేరు చేయడం మంచిది. మొదటి రోజు పాయింట్లు తీసుకుని, ఎఫ్‌ఎంబీతో (పాత కొలతలున్న ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పోల్చి, ఫలితం కార్యాలయంలో తహసీల్దారు ఎదుట ఇరుపక్షాలకూ చెప్పాలి. అభ్యంతరం ఉన్నవాళ్లకు అప్పీలు దారి ఉందని, ఆ తర్వాత సివిల్ కోర్టు ఉందని అక్కడే వివరించాలి. రాయి పాతే రోజు వీఆర్వో, అవసరమైతే బందోబస్తు. కోపం చల్లారడానికి మధ్యలో దొరికిన ఆ కొన్ని రోజులే పెద్ద రక్షణ.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే తక్కువగా దొరికేది, పని ఆపేసి వచ్చేసే స్వేచ్ఛ. పరిస్థితి బాగాలేదని సర్వేయర్‌కు అనిపిస్తే యంత్రం సర్దుకుని, "అనుకూల పరిస్థితి లేనందున కొలత వాయిదా" అని రాసి వెళ్లిపోగలగాలి. కాగితం మీద ఆమెను ఎవరూ ఆపరు. కానీ రోజుకు ఇన్ని ఎకరాలన్న టార్గెట్ ఉన్నప్పుడు వాయిదా అంటే పెండింగ్, పెండింగ్ అంటే సాయంత్రం టెలికాన్ఫరెన్సులో పేరు చదవడం. "మగ సర్వేయర్లు చేస్తున్నారుగా" అన్న మాట కూడా పడుతుంది. అందుకే భయం వేసినా నిలబడి పూర్తి చేస్తారు. భద్రతా కారణంతో వాయిదా వేసిన ఫైళ్లను పెండింగ్ లెక్కలోంచి విడిగా చూపించే ఒక గడి సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఈ ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. ఆ గడిలో ఒకే సర్వే నంబరు రెండుసార్లు కనిపిస్తే పై అధికారి స్వయంగా వెళ్లాలి. అలా చేస్తే ఏ నంబరు ప్రమాదకరమో కూడా రికార్డులో ఉంటుంది, బదిలీ మీద కొత్తగా వచ్చిన అమ్మాయి ఏమీ తెలియకుండా ఆ గట్టు మీదికి వెళ్లదు.

దాడి దాకా రాని వేధింపు రోజూ ఉంటుంది. తెర చూపించమంటూ భుజం మీద పడటం, ఫోన్లో వీడియో తీస్తూ వెంట నడవడం, "పెళ్లయిందా, మీ ఆయన ఏం చేస్తాడు" అని పదిమందిలో అడగడం. నోటీసు మీద సర్వేయర్ నంబరు ఉంటుంది, అది ఆమె సొంత నంబరే. పని అయిపోయిన నెల తర్వాత కూడా రాత్రి పదకొండుకు గుడ్ నైట్ మెసేజ్ వస్తుంది. బ్లాక్ చేస్తే "మేడం ఫోన్ ఎత్తడం లేదు" అని ఫిర్యాదు. సచివాలయానికి ఒక అధికారిక సిమ్ ఇచ్చి, నోటీసు మీద ఆ నంబరే వేసి, ఆఫీసు వేళల తర్వాత అది ఆఫీసులోనే ఉంటే ఈ బాధ సగం తీరుతుంది.

పని ప్రదేశంలో వేధింపుల నిరోధక చట్టం ఏసీ ఆఫీసుల కోసమన్న భావన చాలామందిలో ఉంది. ఆ చట్టం పుట్టింది పల్లెటూరి వీధిలో పని చేసిన ఒక మహిళ కేసు నుంచి. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్, అంటే గ్రామస్థాయి కార్యకర్త. విధిలో భాగంగా ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఊళ్లోని పలుకుబడి గల కుటుంబానికి ఆమె ఉద్యోగం అడ్డొచ్చింది, ప్రభుత్వం ఆమెను ఆ ఊళ్లో ఒంటరిగా వదిలేసింది. సర్వేయర్ పరిస్థితికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. ఆ నేపథ్యంలోనే మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి, 1997 ఆగస్టు 13న పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై మార్గదర్శకాలిచ్చిన విశాఖ తీర్పు వచ్చింది, దాని ఆధారంగా 2013లో చట్టం వచ్చింది.

ఆ చట్టంలో పని ప్రదేశం అంటే ఉద్యోగం కారణంగా వెళ్లిన ఏ చోటైనా. చేను కూడా, ఆఫీసు ఇచ్చిన వాహనం కూడా. 19వ సెక్షన్ ప్రకారం, పని చోట తారసపడే బయటివాళ్ల నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. వేధించింది తోటి ఉద్యోగి కాకపోయినా, ఆమె కోరితే క్రిమినల్ చర్య మొదలుపెట్టించాల్సింది కూడా యజమానే. ఇక్కడ యజమాని అంటే ప్రభుత్వ శాఖే. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. పదిమంది సిబ్బంది లేని కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండదు కాబట్టి జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఆ కమిటీ అడ్రసు తెలిసిన సర్వేయర్లు ఎందరుంటారో సచివాలయం నోటీసు బోర్డు చూస్తే అర్థమవుతుంది.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికి బలప్రయోగం చేస్తే సెక్షన్ 132, మహిళ గౌరవానికి భంగం కలిగించే దాడి అయితే 74, వెంటపడి వేధిస్తే 78. దాడి లేకుండా అడ్డుకోవడం మాత్రమే అయితే 221. ఈ చివరి సెక్షన్ కింద కోర్టు కేసు తీసుకోవాలంటే ఆ ఉద్యోగి గానీ, ఆమె పై అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అదే ఊళ్లో రేపు మళ్లీ పని చేయాల్సిన అమ్మాయి సంతకం పెట్టడానికి వెనకాడుతుంది. చట్టం పై అధికారికి ఆ అధికారం ఇచ్చింది కాబట్టి తహసీల్దారే సంతకం పెట్టాలి. ఏ స్టేషన్ పరిధి అన్న వాదన వస్తే ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయించుకోగల జీరో ఎఫ్ఐఆర్ ఉండనే ఉంది.

మరుగుదొడ్డి గురించి ఎవరూ మాట్లాడరు. పైరు లేనప్పుడే చేలు కొలవగలరు కాబట్టి సర్వే జోరుగా సాగేది ఎండాకాలంలోనే. బయటికి వెళ్లలేక నీళ్లు తాగడం మానేస్తారు, దానివల్ల వడదెబ్బ, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు. నోటీసులో సమయం పొద్దున్నే ఏడింటికి వేసి పదకొండుకు ముగించేలా పెట్టుకుంటే, మధ్యలో ఊరి బడి లేదా అంగన్‌వాడీ తాళం అందుబాటులో ఉంచితే, ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా వెనక ఒక కార్యాలయం ఉన్న సర్వేయర్ గురించి. తెలంగాణలో లైసెన్స్‌డ్ సర్వేయర్‌గా పని చేసే మహిళకు ఆ పాటి ఆధారం కూడా తక్కువే. అక్కడ వీఆర్వో వ్యవస్థ 2020లోనే రద్దయింది, వీఆర్ఏలు ఆ తర్వాత వేరే శాఖలకు వెళ్లిపోయారు, గ్రామ పాలన అధికారులు వచ్చింది 2025లో. ఊరి గెట్టు పంచాయితీలు తెలిసిన పాత మనిషి చాలాచోట్ల లేడు. లైసెన్స్‌డ్ సర్వేయర్ ఆదాయం చేసిన కొలతను బట్టి ఉంటుంది కాబట్టి, వాయిదా వేస్తే ఆ రోజు సంపాదన పోయినట్టే. తిరిగి రాలేదని చూసుకునే పై అధికారి లేడు. ఆమెకు కావాల్సిన తోడు ఆ వృత్తిలోనే దొరకాలి. ఒకే మండలంలో లైసెన్సు తీసుకున్న ఇద్దరు ముగ్గురు మహిళలు ఒకరి షెడ్యూలు ఒకరికి ఇచ్చుకోవడం, తగాదా ఉన్న కొలతకు జతగా వెళ్లి ఫీజు పంచుకోవడం, పొలానికి వెళ్లే ముందు మండల సర్వేయర్‌కు ఒక మెసేజ్ పెట్టడం. శిక్షణ రోజుల్లోనే మండలాల వారీగా ఈ జతలు కుదిర్చి, లైసెన్సు కాగితంతో పాటే ఆ ఫోన్ నంబర్లు కూడా చేతిలో పెట్టడం లైసెన్సు ఇచ్చే శాఖకు పెద్ద పని కాదు.